మహబూబు గారికి వచ్చిన జపాను ఉత్తరం

నేను హైదరాబాదులో జపాను భాష నేర్పుతాను. ఒకరోజు క్లాసు అయ్యాక నస్రీన్ అనే విద్యార్థిని ఫోనులో ఒక పాత ఉత్తరం ఫొటో చూపించింది. మెదక్‌లో ఉండే వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో పెట్టె అడుగున దొరికిందట. మడతల దగ్గర సిరా చెదిరి, ఫొటోలో సగం అక్షరాలు తెలియలేదు. అసలు కాగితం తెమ్మంటే, అమ్మమ్మ దాన్ని గడప దాటనివ్వనంటోందని చెప్పింది. "మీరే ఒకసారి వెళ్తారా మేడం?" అంది. ఆ శనివారం ఖాళీగానే ఉన్నాను.

ఉదయం ఏడుంబావుకి జూబ్లీ బస్టాండులో నర్సాపూర్ మీదుగా వెళ్ళే మెదక్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు ఇచ్చాడు. మెదక్‌కు ఇప్పుడు రైలు కూడా ఉంది గానీ దాని వేళలు నాకు కుదరలేదు. పక్క సీట్లో కౌడిపల్లి వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో ఎక్స్‌రే కవరు. నేను నిఘంటువు తెరిచేసరికి తొంగిచూసింది.

"ఏం బాస మేడం గిది?"

"జపాను భాషమ్మా."

"బాంబులేసిన్రు గదా, గా దేశమేనా?"

"అదే."

"మల్ల అండ్ల మనుషులు బతికిన్రా?"

"చాలామంది బతికారు."

"ఎట్ల బతికిన్రో ఏమో," అని కిటికీ వైపు తిరిగింది.

నర్సాపూర్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. స్టాండు బయట టీ బాగుంది, ఇడ్లీ చల్లగా ఉంది. అక్కడి నుంచి కొంతదూరం రోడ్డుకు రెండు వైపులా అడవి. కౌడిపల్లిలో ఆవిడ దిగిపోయింది. పది దాటాక మెదక్ చేరాను.

బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకుని, రాందాస్ చౌరస్తా దాటి, రెండు సందులు తిరిగాక నస్రీన్ అమ్మమ్మ రహీమా బీ ఇంటి ముందు దిగాను. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. పక్కగదిలో ఆవిడ తమ్ముడు జబ్బార్ ఫ్యాను మోటారుకు తీగ చుడుతున్నాడు. నన్ను చూసి తల ఊపాడు గానీ లేవలేదు.

"కూసోండ్రి మేడం. ఎండల వడి వచ్చిన్రు," అని రహీమా బీ నీళ్ళు ఇచ్చి సంగతి చెప్పింది.

వాళ్ళ నాన్న మహబూబు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, జపానుకు వెళ్ళిన భారత సైన్యంలో వంటవాడు. హిరోషిమాకు దగ్గరలోని కురే అనే రేవులో కొన్ని నెలలున్నాడు. తిరిగొచ్చి పెళ్ళి చేసుకున్నాక కొన్నేళ్ళకు ఈ ఉత్తరం వచ్చింది. చదివేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. ఆయన దాన్ని పారేయలేదు, దాని గురించి మాట్లాడనూ లేదు. ఎప్పుడడిగినా "అక్కడ ఊరే లేకుండె" అనేవాడట. ఆయన పోయి ముప్పై ఏళ్ళు. తల్లి నిరుడే పోయింది.

"మా అమ్మ సచ్చేదాక ఒక్కటే మాట. మీ అబ్బాకు ఆడ ఇంకో ఇల్లున్నది అని. ఆయనతోని సక్కగ నవ్వింది నేను సూడలే. గా ఇంట్ల పిల్లలుంటే మాకు తోడవుట్టినోళ్ళే గద మేడం. గది తెల్వాలె నాకు."

జబ్బార్ పక్కగదిలోంచే అన్నాడు. "సదివించకు ఆపా. అబ్బా పేరు ఖరాబు చేసుడు తప్ప ఏమొస్తది?"

"పనిలేకుంటే నువ్వు బయటికి వో," అంది ఆవిడ. అతను వెళ్ళలేదు.

ఉత్తరం బట్టలో చుట్టి ఉంది. కవరు మీద మెదక్ చిరునామా ఇంగ్లీషులో ఉంది గానీ అక్షరాలు రాసినవి కావు, బొమ్మలా చూసి గీసినవి. మహబూబు ఎవరిచేతనో రాయించి ఇచ్చివచ్చిన కాగితాన్ని చూసి, ఉత్తరం పంపినవాళ్ళు గీసి ఉండాలి. లోపల రెండు పుటలు, ఎక్కువ చదువుకోని మనిషి రాత. అరగంట సేపు నాలో నేను చదువుకుని, చెరిగిన చోట్ల గుర్తులు పెట్టుకుని, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"మహబూబు గారికి. మీ వంటశాలలో గిన్నెలు కడిగిన మనిషిని. ఆ ఆగస్టు ఉదయం హిరోషిమాలో నా భర్త పోయాడనీ, మా పాప చియెకో తల ఒక పక్క కాలిపోయిందనీ మీకు తెలుసు. అక్కడ జుట్టు మళ్ళీ రాలేదు. తోటి పిల్లలు దగ్గరికి రానివ్వకపోతే అది మీ పొయ్యి పక్కన కూర్చునేది. మీరు మీ ఉన్ని టోపీ తీసి దాని తలకు పెట్టారు. తర్వాత అది బడికి వెళ్ళింది. నిరుడు చలికాలంలో రక్తం జబ్బు వచ్చి పోయింది. పదకొండేళ్ళు. టోపీ చిరిగిపోయినా విడిచేది కాదు, అందుకని దహనంలో కూడా తీయలేదు. అది సైన్యం వారి సొమ్మని, పోగొడితే శిక్ష ఉంటుందని తర్వాత ఎవరో చెప్పారు. నా వల్ల మీకు శిక్ష పడిందా? ఆ ఒక్క మాట తెలియక ఇది రాస్తున్నాను."

కింద ఆమె పేరు, హిరోషిమాలో ఒక పేట పేరు ఉన్నాయి.

పక్కగదిలో తీగ చుట్టే చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. జబ్బార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గంతేనా?"

"అంతే."

"పాప పేరు ఏందన్నరు?"

"చియెకో."

ఆ పేరు నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు. రహీమా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకున్నాక, "అమ్మ ఉన్నప్పుడే సదివిపిస్తే అయిపోతుండె," అంది.

బగారన్నం, పుల్లటి ఖట్టా పెట్టింది. చేతులు కడుక్కునే చోట నా వెనకాలే వచ్చింది.

"జవాబు రాయుండ్రి మేడం. శిక్ష పడలేదని రాయుండ్రి."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు జబ్బార్.

"తెల్వది. పడ్డా ఆమెకెందుకు చెప్పాలె?"

ఆమె బతికి ఉంటే వందేళ్ళు దాటి ఉంటాయని, ఆ ఇల్లూ ఉండదని చెప్పాను.

"గంత తెల్వదా నాకు? ఆమె తరఫోళ్ళు ఎవరన్న ఉంటరు. రాయుండ్రి."

వాళ్ళ ముందే కూర్చుని రాశాను. శిక్ష పడలేదన్న వాక్యం రాసేటప్పుడు దాన్ని జపానులో పైకి చదవమంది. చదివాను. సరేనంది. సంతకం చేసే చోట జబ్బార్ కూడా ముందుకొచ్చి, అక్క పేరు పక్కన తన పేరు ఉర్దూలో రాశాడు. తర్వాత నన్ను తన బండి మీద బస్టాండులో దింపాడు. దారిలో చర్చి గోపురం కనిపించింది. "సూస్తరా మేడం, పది నిమిషాలే," అన్నాడు. బస్సు దొరకదేమోనని వద్దన్నాను. మెదక్ వెళ్ళేవారు చర్చినీ కోటనూ తప్పక చూడాలంటారు. నేను రెండూ చూడలేదు.

నాలుగుంబావు బస్సులో వెనక సీటు దొరికింది. క్లాసులో హిరోషిమా పాఠం నేను ఏటా చెబుతాను. ఎంత వేడి, ఎంత దూరం, ఎంతమంది అన్నవే చెబుతాను. బతికిన వాళ్ళు ఆ తర్వాత గిన్నెలు కడిగారనీ, పిల్లను బడికి పంపారనీ, పరాయి మనిషి టోపీ గురించి బెంగపడ్డారనీ పాఠంలో లేదు.

జవాబును ఆ పేట ఉన్న నగర కార్యాలయానికి పంపాలని నిర్ణయించుకున్నాను. అందులో ఒక వాక్యం నిజమో కాదో ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని తెలిసినట్టు రాయడం నా వృత్తిలో తప్పు. "పడలేదని అనుకుంటున్నాం" అని మార్చవచ్చు, జపానులో నాలుగైదు అక్షరాల పని. నర్సాపూర్ నుంచి బాలానగర్ దాకా కాగితం ఒళ్ళో పెట్టుకుని, కలం మూత తీసి కూర్చున్నాను. బాలానగర్ దాటాక మూత పెట్టేసి, కవరు అంటించాను.