సీతాఫలాలు నేను తిన్నాను, మోకాళ్ళ నొప్పి ఆమెకు వచ్చింది

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద దుకాణంలోకి అడుగు పెట్టగానే, ఆ ఏసీ చల్లదనంలోంచి మాగిన సీతాఫలం వాసన వచ్చి నా ముక్కు పట్టుకుంది. చూస్తే ఒక్కో కాయకు తెల్లటి వల తొడిగి, పసిపిల్లల్లా వరసగా పడుకోబెట్టారు. ఈ కాయకు ఈ కొండ మీద ధర చీటీ అంటించడమా అని నవ్వొచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు మా అపార్ట్‌మెంటు ఉన్న చోట నా చిన్నప్పుడు ఏనుగుల్లాంటి రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, వానలు వెనకబట్టి బతుకమ్మ పాటలు మొదలయ్యేసరికి కళ్ళు విచ్చుకుని రమ్మని పిలిచే కాయలు. రోజుకు వంద తినేవాణ్ణి. సరే, పన్నెండు.

ఆ గుండ్ల పక్కనే ఒక రేకుల కొట్టంలో, బండలు కొట్టే కూలీల పిల్లలకు మా పెద్దమ్మ బడి నడిపేది. మధ్యాహ్నం అందరికీ అన్నం, పప్పుచారు. పలకలు ఒకరిస్తే, పప్పు మరొకరు. నెల మొదట్లో బస్తా బియ్యం మాత్రం శ్రీనగర్ కాలనీ నుంచి కనకవల్లిగారు పంపేవారు. ఆమె సినిమాల్లో తల్లి వేషాలు వేసే నటి. దాతలకు కృతజ్ఞతల ఉత్తరాలు రాయడం పెద్దమ్మకు చేతకాదు. ఆమె పద్ధతి వేరు. పిల్లలు కోసుకొచ్చిన సీతాఫలాలను బియ్యం డ్రమ్ములో పూడ్చి మాగబెట్టి, ఎవరికి తగ్గట్టు వాళ్ళకు పంపేది. పళ్ళు లేని ముసలాయనకు గింజలు తీసిన గుజ్జు, చక్కెర జబ్బున్న డాక్టరుగారికి పండుకు బదులు గంగవాయిలి కూర. మోసేది తొమ్మిదేళ్ళ నేను.

"పండ్లిచ్చి ఉరికొచ్చుడు కాదు నర్సిగా," అనేది. "జరసేపు కూసో. ఎట్లున్నరో అడుగు. వాళ్ళ ముచ్చట తీస్కొనిరా. ఇచ్చేటోళ్ళు చెట్లు కారురా, దులుపుకొని పోనీకి."

ఇళ్ళన్నీ తిరిగి వచ్చాక, ఎవరింట్లో ఏం జరిగిందో నేను చెబుతుంటే, ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. ఒక్కటీ మరిచిపోయేది కాదు.

కనకవల్లిగారింట్లో చిరుతపులంత కుక్క ఉండేదనీ, దాని భయానికే ఆ ఏడాది నేను దారి మధ్యలో ఆగిపోయాననీ నా మనవలకు ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి అది ఒళ్ళో పడుకునే బొచ్చుకుక్క, నన్ను చూస్తే తోక ఊపేది. నన్ను ఆపింది సంచిలోంచి వచ్చే వాసన. ఒక ఆదివారం కాసేపు దించుకుందామని గుండు మీద కూర్చుని, ఒక్క పండు విప్పి, మిగతావాటిని అలా ఒంటరిగా పంపడం బాగుండదని అన్నీ తినేసి, గింజలు ఎంత దూరం పడతాయో ఉమ్మి చూసుకుని వెనక్కి వచ్చేశాను. పెద్దమ్మకు ముచ్చట కావాలి కదా. "కాలు జారిందంట," అన్నాను. పై ఆదివారం మళ్ళీ అదే గుండు. ఆమె మోకాళ్ళు వాచాయి. మూడో ఆదివారం చేతికి కర్ర వచ్చింది. నాలుగో ఆదివారం పండ్లు మరీ తియ్యగా ఉండడంవల్ల కాబోలు, ఆవిడను ఏకంగా మంచాన పడేశాను.

ఆ నెల బియ్యం రాలేదు. వంటామె డబ్బాతో డ్రమ్ము అడుగు గీకుతుంటే నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. మరో రెండు పూటలకు మించి లేవు.

"కబురు పంపరాదమ్మా ఆమెకు," అంది వంటామె.

"మంచంల పడ్డ మనిషిని బియ్యమడుగుతమా? సిగ్గుండాలె," అంది పెద్దమ్మ. వావిలాకు వేసి నూనె కాచి, సీసాలో పోసి, "నడువ్‌రా, ఆమెను చూసొద్దాం," అని నా చెయ్యి పట్టుకుంది. శ్రీనగర్ కాలనీ ఆ రోజు వచ్చినంత త్వరగా ఎప్పుడూ రాలేదు.

గేటు తీసేసరికి కనకవల్లిగారు స్టూలెక్కి జామకాయలు కోస్తున్నారు. మమ్మల్ని చూసి గభాల్న దూకారు.

"రండి రండి పంతులమ్మగారూ! నెలైంది మీ జాడే లేదు!"

"మోకాళ్ళెట్లున్నయమ్మా? మంచంల ఉన్నవని చెప్పిండు మా పోరడు."

"నేనా? సినిమాల్లో చాలాసార్లు పడ్డానండీ మంచాన. ఇంట్లో ఎప్పుడూ పడలేదు!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను మగవాడిలా నిలబడి నిజం ఒప్పుకున్నాను. కాదులెండి, బొచ్చుకుక్క వెనక కూర్చుని ఏడ్చాను.

కనకవల్లిగారు నవ్వలేదు. "నాకంటే పెద్ద దాతలెవరో మీకు దొరికారు, ఇక నాతో పనిలేదనుకున్నానండీ. పిలవని పేరంటానికి బియ్యం పంపినట్టుంటుందని ఊరుకున్నా," అన్నారు. పెద్దమ్మ నూనె సీసా ఆవిడ చేతిలో పెట్టి, పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నమే బస్తా కొట్టానికి చేరింది.

నాకు పడిన శిక్ష, ఏడాది పొడుగునా ఆదివారాలు ఉత్త చేతులతో ఆవిడ దగ్గరకు వెళ్ళి కూర్చోవడం. మూడో వారం ఆవిడ గొంతు తగ్గించి, "మీ పెద్దమ్మతో అనకు. నాకసలు సీతాఫలం పడదురా. పోయినేడు నువ్వు తెచ్చినవన్నీ వాచ్‌మన్‌కే. నువ్వొచ్చి కూర్చుని చెప్పే కబుర్ల కోసం తీసుకున్నా. మీవైపు పచ్చిపులుసు చేస్తారటగా, అది తినాలనుంది," అన్నారు.

అనకన్నారు కాబట్టి ఇంటికి రాగానే చెప్పేశాను. పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "గిన్నేండ్ల సంది ఎవరికేమిష్టమో నాకే ఎరుకనుకున్న! ఒక్క నిజం ముచ్చట తెచ్చినవ్‌రా నర్సిగా." ఆ పై ఆదివారం మూత బిగించిన గిన్నెలో పచ్చిపులుసు వెళ్ళింది. దారిలో ఎక్కడా ఆగలేదు. పులుసు దొంగతనంగా తాగడం కష్టం.

ఆ బడి ఇప్పుడు బోరబండలో ఉంది. నెలనెలా బస్తా బియ్యం నేనే పంపుతాను, 'గౌరవనీయ దాతగారికి' అని ఫోనుకు ఒక సందేశం వస్తుంది, నాకూ ఇంకెందరికో అదే. దాంతో కొంచెం అలిగి, ఎవరైనా అడుగుతారేమో చూద్దామని ఈసారి పది రోజులు బియ్యం ఆపేశాను. అబద్ధం. పొద్దున ఆపి, పిల్లల అన్నం గుర్తొచ్చి మధ్యాహ్నానికి పంపేశాను.

సాయంత్రం ఫోను మోగింది. అక్కడి కొత్త టీచరమ్మ.

"సార్, ఎప్పుడు పొద్దుగాల్నే వచ్చే బస్తా గియ్యాల లేటుగొచ్చింది. మీ పానం మంచిగుందా?"

"మోకాళ్ళు నొస్తున్నాయమ్మా," అన్నాను. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఆదివారం వస్త సార్."

వస్తుంది. బోరబండ నుంచి మా ఇంటి దాకా సంచి దించుకుని కూర్చోవడానికి ఇప్పుడు ఒక్క గుండు కూడా మిగల్లేదు. ఆమె ఏం తెచ్చినా నా దాకా చేరి తీరుతుంది.