పూణెల నా బంతాట కొలువు

గప్పట్ల మా బిజినేపల్లి దిక్కు వానలు మమ్ముల మర్చిపోయినయి గానీ, గుంపు మేస్త్రీ ఎన్నడూ మర్వలే. ఏటేటా యాది పెట్టుకొని వచ్చి పూణెకు బిల్డింగుల పనికి తోల్కపోతుండె. అక్కడ మా ఆయన కింది నుంచి ఇటుకలు ఇసిరితె, మంచె మీద నిలవడి నేను పట్టాలె. (కొత్త పెండ్లికూతురు మీద మొగడు పూలు ఇసురుతడంటరు. మా ఆయన జర గట్టి సామానే ఇసిరిండు.)

ఒకనాడు బిల్డింగులు కట్టించే సేటు కొడుక్కు బేస్‌బాల్ పిచ్చి వట్టింది. రెండు సైట్ల కూలోళ్లకు పోటీ వెట్టి, గెలిచిన దిక్కు బాగ ఆడినోళ్లకు రేకుల రూమిస్తనన్నడు. వానకాలం నెత్తిమీదుండె, మా డేరా జల్లెడ లెక్కుండె. ఆట తెల్వకున్నా రూమంటె తెల్సు కద. బంతి కొట్టినోడు గోనెసంచి నుంచి గోనెసంచికి ఉరకాలె, సంచి మీద కాలు వెట్టకముందే బంతితోని వాన్ని అంటాలె, గంతే. నన్ను నడిమి సంచికాడ నిలవెట్టిన్రు. ఇటుకలు పట్టిన చేతులకు బంతేం లెక్క? వచ్చిందల్లా పట్టిన. సేటు కొడుకు "వాహ్" అన్నడు. పెండ్లయినంక నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి గాయననే.

ఆఖరికి అవతలి సైటోళ్లల్ల ఒక్కడు మిగిలిండు. వాన్ని ఔట్ చేస్తె రూము మాదే. బంతి నా చేతుల వడ్డది. ఉరుక్కుంట వస్తున్నది ఎవరని చూస్తె మా బావగారు, మా ఆయన సొంత అన్న. తమ్ముని పెండ్లాం బావగారి ముంగట నిలవడుడే తప్పు, ఇంక అంటుడా? కొంగు నెత్తిమీదికి గుంజుకున్న. ఆయన సుత రెండడుగుల దూరంల ఆగి, మొఖం అటు తిప్పుకున్నడు.

"అంటు పిల్లా, అంటు" అని మా ఆయన.

"మీ అన్నను నేనెట్ల అంటుత? నువ్వే వచ్చి అంటు."

"బంతి నీ చేతులున్నది, నేనంటితె చెల్లదంట. రూము పోతదే."

అటు నుంచి బావగారి పెండ్లాం, "ఏందయ్యా మొద్దు లెక్క నిలవడ్డవు, సంచి మీద కాలు వెట్టు" అన్నది.

"మరదలు నిలవడ్డ సంచి మీద కాలెట్ల వెడ్త?" అన్నడాయన ఆకాశం దిక్కు చూసుకుంట.

ఇంట్ల బావగారికి నీళ్ల చెంబు చేతికియ్యం. కింద వెట్టి పక్కకు జరుగుతం, ఆయన తీస్కుంటడు. నాకు గదే తోచింది. బంతిని మెల్లగ సంచి మీద వెట్టి పక్కకు జరిగిన. బావగారు అలవాటు కొద్ది వంగి, బంతి తీస్కున్నడు.

సేటు కొడుకు జరసేపు నెత్తి వట్టుకొని, "ఔట్" అన్నడు.

రూమొచ్చింది, ఎనకనే వానొచ్చింది. "అన్న డేరా కారుతుంది" అని మా ఆయన అన్నావదినెలను రూముకు తోల్కొచ్చిండు. మహారాజు గుణం. ఒక్క రూముల బావగారున్నంక నేనెట్ల ఉంట? వానకాలమంతా నేను గెలిచిన రూముల ఆయన పొడిగ పండుకున్నడు, నేను డేరాల తడుసుకుంట కూసున్న. సేటు కొడుకు పిచ్చి ఇంకో ఆట మీదికి మర్లింది, నా కొలువు గట్ల ముగిసింది.

ఇప్పుడు బావగారికి చూపు ఆనుతలేదు. నాగర్‌కర్నూలు దవాఖానకు నేనే తోల్కపోత. మొన్న ఆటో దిగంగ, "చెయ్యి గట్టిగ వట్టుకో అమ్మా, పడిపోత" అన్నడు. వట్టుకున్న. పూణె డేరాల చీర పిండుకుంట కూసున్న గా పడుసుపిల్ల యాదికొచ్చి నవ్వొచ్చింది. "చెయ్యి వట్టినా ఆకాశమేం ఇరిగి పడలే పిల్లా" అని దానికి చెప్పాలనుకున్న. అదెక్కడ ఇంటది, చెవుల మీదంగ కొంగు కప్పుకొని కూసున్నది.