ఓడిన కేసు తర్వాత ఆడిన ఆట

ఆ తీర్పు వచ్చిన రోజు నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నిద్ర వచ్చింది. నరసరావుపేట కోర్టులో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఓడిపోవడం కొత్తేమీ కాదు. కానీ ఈ కేసు నావల్ల ఓడిపోయింది.

నా క్లయింటు అరవై దాటిన లారీ మెకానిక్, సాయిబు. పిడుగురాళ్ల నుంచి సున్నం, రాయి మోసుకొచ్చే లారీలకు మా ఊరి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాడు. స్థలం యజమాని చనిపోయాక ఆయన కొడుకులు షెడ్డు పీకేస్తామని మీదికొచ్చారు. వాళ్లను ఆపమని దావా వేశాం. పాత యజమాని సంతకం పెట్టిచ్చిన లీజు కాగితమే మా బలం. నేను దాని జిరాక్సు దాఖలు చేశాను. అసలు కాగితం సాయిబు ఒకసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు కూడా.

"ఈడ ఎక్కడన్నా పోద్ది బాబాయ్. ఇంట్లో పెట్టుకో, నేను అడిగినప్పుడు తే" అన్నాను.

తర్వాత అడగలేదు. మరిచిపోయాను. అసలు పత్రం ఎందుకు దాఖలు చేయలేదో వాది చెప్పలేదని రాసి జడ్జిగారు దావా కొట్టేశారు.

"ఏందమ్మా, ఇప్పుడేం చెయ్యాల?" అని కోర్టు వరండాలో అడిగాడాయన. "చూద్దాం బాబాయ్" అన్నాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పీలుకు నెల గడువుంది. అందులో పన్నెండు రోజులు నేనేమీ చేయలేదు. చిన్న చిన్న పిటిషన్లు కూడా మూడేసి సార్లు చదువుకున్నాను. వాదించాల్సిన వాటికి వాయిదాలు అడిగాను. సాయిబు ఫోన్ చేస్తే స్క్రీన్ వైపు చూసి, మోత ఆగిపోయేదాకా అలాగే కూర్చునేదాన్ని.

పదమూడో రోజు, ఆదివారం ఉదయం, మా లాయర్లకీ రెవెన్యూ ఆఫీసు వాళ్లకీ సరదాగా బాస్కెట్‌బాల్ పోటీ పెట్టుకున్నారు. నేను కాలేజీ రోజుల్లో ఆడానని ఎవరో చెప్పారట. ఐదో మనిషి దొరకలేదని నన్ను పట్టుకుపోయారు. మా జట్టు కెప్టెన్ ఎవరో గ్రౌండ్‌లోకి వెళ్లాక గానీ తెలియలేదు. షెడ్డు కేసులో నన్ను ఓడించిన సీనియర్ లాయరే. యాభై ఏడేళ్ల మనిషి, రెండు మోకాళ్లకూ పట్టీలు కట్టుకుని ఉన్నాడు.

నేను వేసిన మొదటి బంతి రింగు దాకా కూడా పోలేదు. రెండోది రింగుకు తగిలి బయటికొచ్చింది. మూడోసారి నాకు అడ్డం ఎవరూ లేరు, అయినా తప్పింది. నడుం మీద చేతులు పెట్టుకుని రింగు వైపే చూస్తూ నిలబడిపోయాను. ఈలోగా అవతలి జట్టు సర్వేయరు బంతి అందుకుని, మా వైపు తీరిగ్గా పరిగెత్తి బుట్టలో వేసేశాడు.

"ఏందమ్మా ఆడ నిలబడి చూస్తన్నావ్? పోయింది పోయింది. వెనక్కి పరిగెత్తు!" అని సీనియర్ అరిచాడు.

పరిగెత్తాను. ఊపిరి అందలేదు. కాసేపటికి ఆయన మళ్లీ బంతి నాకే ఇచ్చాడు. భయపడి తిరిగి ఆయనకే విసిరాను. "వెయ్యి నువ్వే!" అంటూ బంతి మళ్లీ నాకే విసిరాడు. వేశాను, తప్పింది. ఈసారి ఆగకుండా వెనక్కి పరిగెత్తాను. ఆ తర్వాతది పడింది. ఆ ఒక్కటే పడింది. మేం చిత్తుగా ఓడిపోయాం.

ఆట అయ్యాక సిమెంటు మెట్ల మీద కూర్చుని సోడా తాగుతున్నాం.

"అన్ని తప్పినా నాకే ఎందుకిచ్చారు సార్?" అని అడిగాను.

"నీ కాడ ఎవుడూ అడ్డం లేడు, అందుకిచ్చా. నువ్వేదో గొప్ప ప్లేయరువని కాదు" అన్నాడు. సోడా ఒక గుక్క తాగి, "షెడ్డు కేసులో అప్పీలు ఏశావా?" అన్నాడు.

"ఇంకా లేదు సార్."

"ఎయ్యి మరి. నేను మాత్రం వదలను, గట్టిగానే కొట్లాడతా."

ఇంటికి పోకుండా, చెమట బట్టలతోనే షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ ఒక లారీ కింద నుంచి బయటికొచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కాగితం అడగడం నేనే మరిచిపోయానని, వేరే వకీలును పెట్టుకుంటానంటే ఫైలు ఇచ్చేస్తానని చెప్పాను.

ఆయన గుడ్డపీలికతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"కోపం లేదంటే అబద్ధమమ్మా. చానా ఉంది. ఇంకో వకీలు కాడికి పోతే మళ్లా మొదట్నుంచి చెప్పుకోవాల. నాకంత ఓపిక లేదు. నువ్వే చూడు" అన్నాడు.

అది నమ్మకమో, విసుగో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా, దాన్నే తీసుకున్నాను.

అప్పీలుతో పాటు, అసలు కాగితాన్ని ఇప్పుడైనా సాక్ష్యంగా తీసుకోమని పిటిషను వేశాను. దానికి కారణం చూపాలి. నా పేరు మీదే అఫిడవిట్ రాశాను: అసలు పత్రం దాఖలు చేయకపోవడం పూర్తిగా నా పొరపాటు, నా క్లయింటుది కాదు. టైపిస్టు వేళ్లు ఆగాయి.

"మేడం, ఈ లైను ఉంచాల్నా? అందరి ముందూ చదువుతారు."

"ఉంచు."

చదివారు. సీనియర్ మాటిచ్చినట్టే వదల్లేదు. నిండు కోర్టులో ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివి, లాయరు మతిమరుపును సాకుగా ఒప్పుకోకూడదని అరగంట వాదించాడు. నా చెవులు వేడెక్కాయి. తల దించుకోకుండా నిలబడ్డాను. నా వంతు వచ్చింది. లాయరు చేసిన తప్పుకు ముప్ఫై ఏళ్ల బతుకుతెరువు పోకూడదని చెప్పాను. జడ్జిగారు కాగితాన్ని తీసుకున్నారు. అప్పీలు తేలేదాకా షెడ్డు జోలికి వెళ్లొద్దని ఆర్డరు వేశారు.

అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. గెలుస్తామని చెప్పలేను. అలసట కూడా ఎక్కడికీ పోలేదు, పొద్దున నేను లేవకముందే లేచి కూర్చుంటుంది. ఆ రోజు ఆర్డరు విని బయటికి రాగానే మెకానిక్ ఏదో చెప్పబోయాడు. అంతలో పక్క కోర్టులో నా ఇంకో కేసు పిలిచారు. "ఉండు బాబాయ్, వస్తా" అని ఆ ఫైలు తీసుకుని లోపలికి నడిచాను.