మగచిలకకు నల్లపూసలు

మేము ప్రొద్దుటూరులో కాపురం పెట్టిన కొత్తలో జరిగిందిది. పూసలు, అద్దం బిళ్లలు అంటించి గ్రీటింగ్ కార్డులు చేయడమంటే నాకు పిచ్చి. పక్కింటి షబానా నిఖాకు చిలకల జంట ఉన్న కార్డు చేశాను. నా డబ్బాలో కనిపించిన నల్లపూసలను రెండు చిలకల మెడలకూ అంటించి, ముందురోజే ఇచ్చేశాను.

పెళ్లినాడు పొద్దున్నే మా అత్తమ్మ కేకేసింది. "ఏమ్మే, నా నల్లపూసలు యాడ? దారం తెగితే నీ పూసల డబ్బాలోనే కదా పెట్టింటి!"

అవి షబానా కార్డుకు అంటించేశానని చెప్పేశాను. ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు షాదీఖానాకు చేరాం. అత్తమ్మ నేరుగా వేదికెక్కి, అందరూ వినేలా, "షబానా, నీ కార్డు మీద ఉండేటివి నా నల్లపూసలమ్మా" అనేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

షబానా పకపకా నవ్వింది. కానుకల్లోంచి కార్డు తెప్పించి, ఒక చిలక మెడలోని పూసలు గోటితో ఒలిచి అత్తమ్మ చేతిలో పోసింది.

"తీసుకో అత్తా. మగచిలకకు నల్లపూసలెందుకు? ఆడచిలకవి మాత్రం ఇయ్యను."

"శానా తెలివైనదానివే! ఉంచుకో, నా దీవెన అనుకో" అని అత్తమ్మా నవ్వేసింది.

ఆ కార్డు ఇప్పటికీ షబానా ఇంట్లో గోడకుంది. బోసిమెడ మగచిలకను చూసినప్పుడల్లా మా అత్తమ్మ తన మెడ తడుముకుంటుంది.