చప్పుడు చేసిన విత్తనాల కుండ

ఊరినంతా ఒక కుండ ముందు చేతులు కట్టుకుని నిలబడేలా చేసి, ఆ కుండలోంచి బొద్దింకల్ని వాళ్ల కాళ్ల మీదికి వదిలిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. మీరిప్పుడు చదువుతున్నది అతను రాసిందే. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. కొంతదూరం పోయాక నవ్వు వస్తుందో రాదో నేను చెప్పలేను. మా అమ్మకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మాది నల్లమాడ దగ్గర ఒక చిన్న పల్లె. యాభైల్లో వచ్చిన కరువుల్లో ఒకదాని సంగతి ఇది. ఏ ఏడో అడక్కండి. మా వైపు ఒక కరువుకూ ఇంకో కరువుకూ తేడా కనిపెట్టడం వాటిని పడ్డవాళ్లకే కష్టం. బావిలో బిందె మునగడం మానేసింది. మా ఎద్దుల్ని మేత ఉన్న మా మామ ఊరికి తోలేశాం. గొడ్ల కొట్టంలో పాత పొట్టు, మేత వేసే ఖాళీ గాడి మిగిలాయి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. స్కూలు ఫైనల్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి ఫీజు కట్టలేక, సర్కారు పెట్టిన కరువు పనిలో చేరాను. రోడ్డు కోసం మట్టి తవ్వడం, తట్టలు మోయడం. కూలి తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి.

ఒకరోజు దారికి అడ్డంగా ఉన్న పుట్టను తవ్వితే అందులోంచి రెండు ఉడుము పిల్లలు బయటపడ్డాయి. జానెడు పొడవు లేవు. మా వైపు ఉడుమంటే కూర. పక్కనున్నవాళ్లు వాటిని తిప్పి చూసి, "ఇవి ఎవరి పంటి కిందికి చాలుతాయప్పా, పారేయ్" అన్నారు. నేను పారేయలేదు. ఒకటి తల పక్కకు వంచి నావైపు చూసింది. ఎండలో మట్టి మోసి మోసి ఉన్నవాణ్ణి, అన్నాళ్లకు నన్ను ఒకరు అంత శ్రద్ధగా చూశారని పొంగిపోయాను. వాటిని తలగుడ్డలో మూటగట్టి ఇంటికి తెచ్చాను.

నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా అవి?"

"ఉడుము పిల్లలు నాయనా."

"కూరకా?"

"కాదు. సాకుతా."

నాయన నన్నూ, మూటనూ చూశాడు. "ఊర్లో మనుషులకే సంగటి లేదు. నువ్వు ఉడుముల్ని సాకుతావా?"

"వాన పడేదాకే నాయనా. వాన పడితే పురుగూ పుట్రా వస్తాయి కదా, అప్పుడు తీస్కపోయి గుట్టలో వదిలేస్తా. అంతవరకు మన ఇంటి గింజ ఒక్కటి ముట్టవు. నీ మీద ఒట్టు."

"నా మీద యాల ఒట్టు? నీ మీద పెట్టుకో."

ఈ ఒట్టును కాస్త గుర్తుపెట్టుకోండి. చివర్లో దీంతో పనుంది. ఉడుములు గింజలు తినవని నాయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ తెలియని సంగతులు వేరే ఉన్నాయి.

మరి పురుగులు ఎక్కడినుంచి తేవాలి? ఆ ఎండలకు మిడతలు కూడా ఊరు విడిచిపోయాయి. అప్పుడు నాకు నాతోపాటు చదివిన మస్తాను గుర్తొచ్చాడు. కదిరిలో ఒక బేకరీలో బన్నులు కాల్చేవాడు. నడిచిపోయి అతని ముందు నిలబడ్డాను.

"మస్తానూ, విత్తనానికి కొన్ని ఇయ్యప్పా."

"ఏం ఇయ్యాల?"

"బొద్దింకలు."

మస్తాను చేతిలో ఉన్న బన్నుల రేకు కింద పెట్టేశాడు. "ఏమప్పా, ఊరంతా ఈడికి బన్నులు కొనేదానికి వస్తాది. నువ్వు బొద్దింకలు అడుగుతాండావు. మా సేటు ఇన్నాడంటే నన్ను ఈ పొయ్యిలోనే పెడతాడు."

"మీ పొయ్యి ఎనకాల ఉంటాయి కదా?"

"మెల్లగా మాట్లాడప్పా! మా దాంట్లో ఒక్కటి లేదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎన్ని గావాల?"

ఒక బిస్కెట్ల డబ్బా నిండా పట్టి ఇచ్చాడు. మూతకు చిల్లులు కూడా పొడిచాడు పాపం.

"ఆడవీ మగవీ చూసే ఏసినావా?" అని అడిగాను.

"నేను బన్నులు కాల్చేవాణ్ణి. సంబంధాలు కుదిర్చేవాణ్ణి కాదు. పో."

మా ఊళ్లో అంతవరకు బొద్దింక అన్నది లేదు. ఆ ఎండకు బతికేదీ కాదు. అలాంటి ఊరికి నేను దాన్ని డబ్బాలో పెట్టుకుని, పైన తలగుడ్డ కప్పి, దారిపొడుగునా నీడ చూసుకుంటూ మోసుకొచ్చాను. ఇంటికొచ్చి డబ్బాను వంటింటి మూల పెడితే రెండో రోజే అమ్మ చూసింది. ఆమె చీపురు తీసిన వేగానికి విత్తనంలో సగం అక్కడే పోయింది. ఇంకో చోట పెడితే చీమలు పట్టాయి. కొట్టంలో పెడితే ఎలుకలు వచ్చాయి. ఉడుము పిల్లలు గాడిలో పడుకుని నావైపు చూస్తున్నాయి, వాటి పక్కటెముకలు లెక్కబెట్టవచ్చు.

మా ఇంట్లో అమ్మ చీపురు వెళ్లని చోటు ఒక్కటే ఉంది. లోపలి గదిలో, చీకటి మూల, కుదురు మీద కూర్చున్న విత్తనాల కుండ.

ఆ కుండ సంగతి చెప్పాలి. అందులో మా మెట్ట చేనికి వేసే కొర్ర విత్తనం ఉంటుంది. పంట నూర్చిన రోజునే మేలిమి గింజ ఏరి అందులో పోసి, మూతపెట్టి, పేడా మట్టీ కలిపి మెత్తి, కుంకుమ బొట్టు పెడతారు. అదును వాన పడిన మర్నాడు ఇంటి ఇల్లాలు తన చేత్తో మూత తీయాలి. ఆలోగా ఇల్లంతా పస్తున్నా ఎవరూ ముట్టరు. తిండి గింజలు అయిపోతే ఇంకొకరి ఇంటికి పోయి అడగొచ్చు, అందులో తప్పులేదు. విత్తనం తిన్నవాడికి మాత్రం ఊళ్లో ముఖం ఉండదు. ఆ ఏడు మా ఇంట్లో మిగిలిన ఆస్తి అంటే ఆ కుండే.

అలాంటి కుండకు, గోడ వైపు, అడుగు దగ్గర, మేకుతో మెల్లగా మూడు వేళ్లు పట్టేంత చిల్లు పొడిచాను. గింజంతా జారి గోనెసంచిలోకి వచ్చింది. సంచి మూతి కట్టి, కొట్టంలో పాత పొట్టు కింద దాచాను. కుండలోకి బొద్దింకల్ని వదిలి చిల్లుకు గుడ్డ కుక్కాను. విత్తనం ఎక్కడికీ పోలేదు కదా, ఇల్లు మారింది అంతే, మబ్బు పట్టగానే మళ్లీ దాని ఇంట్లో దాన్ని పోసేస్తే సరి అని నాకు నేనే చెప్పుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పొద్దున అమ్మ నీళ్లకు పోగానే నా పని మొదలు. నా సంగటిలోంచి దాచిన ముద్ద, వేరుశనగ చెక్క ముక్క, ఒక తడిగుడ్డ చిల్లులోంచి లోపలికి. ముందురోజు బెల్లం పూసి లోపల పెట్టిన వెదురు గొట్టం బయటికి. గొట్టం నిండా బొద్దింకలు. రెండు వైపులా మూసి కొట్టానికి పోయి గాడిలో దులిపేవాణ్ణి. ఉడుములు ఎట్లా తినేవో చూడాలి మీరు! నెలలు గడిచేసరికి అవి మోచేతి పొడవయ్యాయి, తోకలు బలిశాయి. కుండలో సంతానం నిండిపోయింది. ఆ ఏడు జిల్లా మొత్తంలో దిగుబడి చూసిన రైతును నేనొక్కణ్ణే. గదిలో అదో రకం వాసన వచ్చేది. అమ్మ సాంబ్రాణి ఎక్కువ వేసేది.

శుక్రవారం శుక్రవారం అమ్మ ఆ కుండకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేది. ఒక శుక్రవారం లోపలినుంచి కేకేసింది.

"ఒరే నర్సిమ్మా! ఇట్ల రా. కుండకు చెవి పెట్టు."

చెవి పెట్టాను. లోపల సంత జరుగుతోంది.

"ఏమీ ఇనపడలేదమ్మా."

"సరిగ్గా పెట్టరా. గరగర అంటాండాది. విత్తనం కదులుతాండాది!"

"విత్తనం ఎట్ల కదులుతాదమ్మా?"

"వాన దగ్గరికొస్తే కదులుతాదంట. మా అవ్వ చెప్పేది. చిన్నప్పుడు నేను నమ్మలేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కింటి పీరమ్మను పిలిచింది. పీరమ్మ భర్త దూది ఏకే పని కోసం బెంగుళూరు వైపు పోయి ఉన్నాడు. ఆమె చెవి పెట్టి, గుండె మీద చెయ్యేసుకుని, "అవునక్కా! పిలుస్తాండాది!" అంది. సాయంత్రానికి మా వాకిట్లో ఊరుంది. ఊరిపెద్ద వెంకటప్ప కళ్లు మూసుకుని విన్నాడు. "గింజకు మనకన్నా ముందు తెలుస్తాది" అని తీర్పు చెప్పాడు. ఎవరో టెంకాయ కొట్టారు. ఎవరో కర్పూరం వెలిగించారు. నా బొద్దింకలు కర్పూరపు వేడికి ఇంకాస్త గట్టిగా పలికాయి.

ఒక ముసలాయన, కొడుకులిద్దరూ వలస పోయినవాడు, కుండను రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. "ఈసారి వస్తాది, నా పిల్లోళ్లు తిరిగొస్తారు" అన్నాడు. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. అందరి ముఖాలూ చూశాను. ఎన్నాళ్ల తర్వాతో వాళ్ల ముఖాల్లో కాస్త కళ కనబడింది. నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే భయమూ వేసింది.

ఆ రోజునుంచి కుండ దగ్గర మనిషి లేని ఘడియ లేదు. పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి వింటున్నారు. గొట్టం తీయడానికే వీల్లేదు, ఇక గింజ తిరిగి పోయడం ఎక్కడ? ఉడుములు పస్తున్నాయి. కుండలోవాళ్లకూ తిండి లేదు, అందుకని మరీ గోల చేస్తున్నారు. జనం వాన మరీ దగ్గరికొచ్చిందని సంబరపడుతున్నారు.

నాకున్న ఓదార్పల్లా అమ్మ చేతి అన్నం. కొన్నాళ్లుగా సంగటి తగ్గి కొర్రన్నం వస్తోంది. నా కూలితో అంగట్లో కొంటోందనుకున్నాను. "ఇంకొంచెం పెట్టమ్మా, బాగుండాది" అనేవాణ్ణి. "తిను నాయనా, తిను. ఎంత కష్టపడి తెచ్చినావో" అంటూ తల నిమిరేది. నా సంపాదన మీద నాకే గౌరవం పెరిగింది.

వాన వచ్చింది. ఉత్తుత్తి జల్లు కాదు. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా, చేలు నిండేలా కురిసింది. ఊరంతా వీధిలో నిలబడి తడుస్తుంటే నేను కొట్టంలోకి పరిగెత్తాను. పొట్టు కింద చెయ్యి పెట్టాను. సంచి లేదు. పొట్టంతా ఎత్తిపోశాను. లేదు. గాడిలోంచి ఉడుములు రెండూ తలలు వంచి నన్నే చూస్తున్నాయి.

తెల్లారింది. మామ ఎద్దుల్ని తోలుకొచ్చాడు. విత్తనం వేసే గొర్రు కడిగి పసుపు రాశారు. ఊరంతా మా ఇంట్లోనే ఉంది, ఆ కుండ గింజ ఒక్కటైనా తమ విత్తనంలో కలుపుకోవాలని తలా ఒక చేట పట్టుకుని. అమ్మ తలస్నానం చేసి, కొత్త బొట్టు పెట్టుకుని, కుండ ముందు కూర్చుంది.

"అమ్మా, ఆగు. నేను తీస్తా" అన్నాను.

"ఆడదే తీయాలరా. పక్కకు జరుగు."

మెత్తిన పేడ పగిలింది. మూత లేచింది.

తర్వాత జరిగింది నేను వర్ణించను. అమ్మ చేయి భుజం దాకా గోధుమరంగుకు తిరిగింది, అది చాలు. చేటలు ఎగిరాయి. ఊరిపెద్ద వెంకటప్ప తన పెద్దరికం అంతా మరిచి అటకెక్కాడు. గింజ కోసం పట్టిన ఒళ్లలోకి, కొంగుల్లోకి, పంచె మడతల్లోకి నా పంట చేరింది. ఎవరి వాటా వాళ్లు తీసుకునే ఇళ్లకు పరిగెత్తారు.

గదిలో మేం నలుగురం మిగిలాం. నాయన, అమ్మ, నేను, పీరమ్మ. నాయన కుండలోకి తొంగిచూశాడు.

"విత్తనం యాడ?"

"సంచిలో పోసి కొట్టంలో పెట్టినా నాయనా. నిన్న చూస్తే సంచి లేదు."

అమ్మ అక్కడే కూలబడింది. "ఆ సంచా?" అంది. "పొట్టు కిందుండేదా? కరువు పనిలో కూలికి గింజలిచ్చినారేమో, నాకు చెప్పకుండా తెచ్చి పెట్టినాడు నా కొడుకు అనుకుంటి. అడిగితే సిగ్గుపడతాడని అడగలేదు. దంచి వండితిని. అందరం తింటిమి."

బయట అదునుకు వచ్చిన నేల, కట్టిన ఎద్దులు, పసుపు రాసిన గొర్రు. లోపల ఒక్క గింజ లేదు. విత్తనం తిన్న ఇల్లు మాదే అయింది. అందులో రెండోసారి అడిగి పెట్టించుకున్నవాణ్ణి నేను. నా జన్మలో అంత సిగ్గు మళ్లీ పడలేదు.

పీరమ్మ లేచి పోయింది. అందరిలాగే పోయిందనుకున్నాం. కాసేపటికి కొంగు కింద ఒక చిన్న కుండ పెట్టుకుని వచ్చింది.

"అక్కా, నా మొగుడు దుడ్లు పంపలేదని నువ్వు మొన్న నాకింత పెట్టినావు కదా, ఆ కొర్రలే. రంజానుకు వండుదామని దాచినా. ఇంకా దంచలేదు."

అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. నాయన తల తిప్పుకున్నాడు. ఆ గింజ సగం చేను విత్తడానికే చాలింది. మిగతా సగం బీడుగానే ఉండిపోయింది.

ఆ రోజు సాయంత్రం మాట ప్రకారం ఉడుముల్ని గుట్టలో వదిలేశాను. వెనక్కి తిరిగి చూస్తాయేమోనని నిలబడ్డాను. చూడలేదు. తిరిగొస్తుంటే నాయన చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచి నాతో మాట్లాడలేదు. దూరంగా కూర్చున్నాను. విత్తిన సగాన్ని చూశాడు, విత్తని సగాన్ని చూశాడు.

"మాట మీద నిలబడినావులేరా" అన్నాడు చివరికి. "నీ ఉడుములు మన ఇంటి గింజ ఒక్కటి ముట్టలేదు. అంతా మనమే తినేసినాం."

ఆ మాటకు ఆయన నవ్వాడో లేదో ఆ చీకట్లో నాకు కనబడలేదు. ఇప్పటికీ మా ఊళ్లో వాన రానీ, రాకపోనీ, ప్రతి ఇంట్లోనూ నేను వేసిన పంట మాత్రం ఎండలేదు. కొత్త కోడళ్లు చీపురు పట్టుకున్నప్పుడల్లా నా పేరు తలుచుకుంటారు.

అందుచేత, చదువుతున్న మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఇకమీద కాళ్లున్నదీ, తోకున్నదీ ఏదీ సాకను. ఒకవేళ సాకినా, మూత మెత్తిన ఏ కుండకూ చిల్లు పొడవను. అన్నం రెండోసారి పెట్టించుకునే ముందు, ఈ గింజలు ఎక్కడివని అడిగి తింటాను. ఇది ఒట్టు. ఈసారి నాయన మీద కాదు, నా మీదే పెట్టుకున్నాను.