పట్టా మీద గ్రీజు

1999లో వానలు పట్టే ముందు నన్ను కోరాపుట్–రాయగడ లైనులో ఒక ఘాట్ సెక్షనుకు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా వేశారు. రైలు పట్టా, స్లీపరు, కంకర, వాటిని చూసుకునే గ్యాంగులు, అన్నీ నా బాధ్యత. అప్పటిదాకా మైదానంలో పనిచేసినవాణ్ణి. అక్కడ బళ్ళు వేగంగా పోతాయి కాబట్టి ఎదురుగాలి వాటిని వెనక్కి లాగుతుంది. ఘాట్‌లో బళ్ళు నెమ్మది, గాలి లెక్కలోకి రాదు. ఒకటి ఎత్తు, రెండోది వంపుల్లో పుట్టే రాపిడి. ఇంజనును అలసిపోయేలా చేసేవి ఈ రెండే.

వంపులో చక్రానికి లోపలి వైపున్న అంచు బయటి పట్టా లోపలి పక్కను, మేం చెంప అనేదాన్ని, ఒరుసుకుంటూ పోతుంది. చెంప అరిగిపోతుంది. అందుకే గ్యాంగువాళ్ళు కర్రకు గోనెగుడ్డ చుట్టి ఆ చెంపకు గ్రీజు రాస్తారు. పట్టా పైభాగానికి మాత్రం చుక్క కూడా తగలకూడదు. చక్రమూ పట్టా తాకే చోటు రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఎంత బరువు బండైనా ఆ బిళ్ళల పట్టుతోనే కొండ ఎక్కాలి, ఆ పట్టుతోనే ఆగాలి.

మా స్టేషను పైనున్న వంపు ఒకటి బండి వచ్చినప్పుడల్లా కీచుమని అరిచేది. అక్కడి గ్యాంగుకు మేటు, అంటే పెద్ద, అప్పన్న. శ్రీకాకుళం వైపు మనిషి, కాపురం రాయగడలో. దసమంతపూర్ నుంచి వచ్చిన గ్యాంగువాళ్ళతో దేశియా అనే అక్కడి ఒడియా మాండలికంలో మాట్లాడుతూ పని చేయించేవాడు. కొత్తగా వచ్చిన అధికారి దర్పం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. "గ్రీజు సరిగ్గా రాస్తే ఈ అరుపెందుకొస్తుంది? రేపటినుంచి నాకు వినపడకూడదు" అన్నాను. ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో చెప్పలేదు. మేటుకు ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

రెండు రోజుల తరువాత ఖాళీ వ్యాగన్ల బండి ఒకటి చప్పుడు లేకుండా ఆ వంపు ఎక్కింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి విన్నాను. శభాష్ అని అప్పన్న భుజం తట్టాను. వంపు అక్కడికి అర కిలోమీటరు కూడా లేదు. నడిచి వెళ్ళి చూడలేదు.

ఆ మరుసటి ఉదయం తుంపర పడింది. బరువు బండి వంపు మధ్యకు వచ్చి నిలిచిపోయింది. ఇంజను చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. పట్టు దొరకడానికి డ్రైవరు పట్టా మీద ఇసుక వదిలాడు, లాభం లేకపోయింది. నేను పరుగెత్తి వెళ్ళి లోపలి పట్టా పైన వేలు పెట్టి చూస్తే వేలు నల్లగా వచ్చింది. కిరసనాయిలుతో తుడిచి, ఇసుక చల్లి, వెనకనుంచి ఇంకో ఇంజను తెచ్చి తోయించేసరికి మధ్యాహ్నమైంది. ఎక్కే బండి కాబట్టి నిలిచిందని, దిగే బండి అయితే బ్రేకు వేసినా ఆగేది కాదని డ్రైవరు నా మొహం మీదే అన్నాడు.

అప్పన్న అదే కంకర మీద నిలబడి ఉన్నాడు. "సౌండు రాకూడదన్నారు గదా బాబూ. సెంపకి ఎంత రాసినా ఆగనేదు. లోపలి పట్టా మీద పల్చగా రాసేను, ఆగిపోయింది. మీరూ బాగుందన్నారు. ఇప్పుడు తప్పేటి సేసేను?"

వాడన్నది నిజం. కీచుమనేది ఎక్కువగా లోపలి పట్టా పైన చక్రం పక్కకు ఈడ్చుకుపోయినప్పుడు. చెంపకు గ్రీజు రాస్తే అరుగుదల తగ్గుతుంది కానీ ఆ చప్పుడు పోదు. పుస్తకంలో చదివిన నాకు అది గుర్తు లేదు. చదవని అప్పన్న చేసి కనిపెట్టాడు.

విచారణ పెట్టారు. అప్పన్నను సస్పెండు చేశారు. ఉద్యోగమే పోతుందని ఆఫీసులో అందరూ అనుకుంటున్నారు. అతని వాంగ్మూలం నకలు నా బల్ల మీదికి వచ్చింది. "గ్రీజు నా సొంత బుద్ధితో రాశాను, ఎవరూ చెప్పలేదు" అని ఉంది. కింద వంకర సంతకం. నన్ను కాపాడుతున్నాడని తెలిసి సిగ్గేసింది. అంతకన్నా సిగ్గు ఏమిటంటే, చదవగానే ముందు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు నా వాంగ్మూలం రాశాను: చప్పుడు ఆగాలన్నది నా ఆదేశం, ఆగాక మెచ్చుకున్నది నేను, పట్టా తనిఖీ చేయనిది నేను. హెడ్ క్లర్కు అది చదివి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? వాడే మీ పేరు ఎత్తలేదు" అన్నాడు. కాగితం పైకి పంపమన్నాను.

అప్పన్నను హెచ్చరికతో మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. నాకు రావాల్సిన పదోన్నతి ఒక విడత వెనక్కిపోయింది. అతను వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "ఎందుకు రాసేరు బాబూ? నానొక్కడినే పోయీవోడిని గదా" అన్నాడు. తను నన్ను తప్పించాలని చూస్తే నేనే చెడగొట్టుకున్నానని అతనికి కోపమే వచ్చింది. నేను కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

తరువాత పదమూడేళ్ళు అదే పనిలో ఉన్నాను. ఏ మేటుకైనా ఆదేశం ఇచ్చేటప్పుడు ఏం జరగాలో చెప్పి వదిలెయ్యలేదు. ఏం చేయాలో, ఏం చేయకూడదో పట్టా దగ్గర కూర్చుని వేలితో చూపించాను. చెప్పినట్టు జరిగిందని ఎవరైనా అంటే, మెచ్చుకోవడానికి ముందు వెళ్ళి ఎలా జరిగిందో చూశాను.