టైపు ఝాన్సీ పడవ ప్రయాణం

రాజాం బస్సు కాంప్లెక్సు ఎదురు వీధిలో ఝాన్సీలక్ష్మికి ఒక జిరాక్సు కొట్టుంది. బోర్డు మీద జిరాక్సు అనే ఉంటుంది గానీ, జనం ఎక్కువగా వచ్చేది ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టించుకోవడానికి. మనం కుర్చీలో కూర్చుని ఇంటిపేరు చెప్పేలోపు ఆమె వేళ్లు ఊరి పేరు దగ్గర ఎదురుచూస్తుంటాయి. కీబోర్డు వంక అసలు చూడదు. మన మొహంలోకి చూస్తూనో, వీధిలోకి చూస్తూనో కొట్టేస్తుంది. అందుకే ఊళ్లో అందరికీ ఆమె టైపు ఝాన్సీ.

నేను అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పిన ఆరేళ్లూ నా కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. ఈ సంగతి కొంత ఆమె చెప్పింది, కొంత ఆమె అత్త లక్ష్మణమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకేలా చెప్పలేదు. కుదిరినంతవరకు కలిపి రాస్తున్నాను.

ఝాన్సీ నాన్న జగన్నాధంగారికి పాలకొండ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొమ్మిది మిషన్లు, తెల్లారి ఆరింటి నుంచి టకటకలు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఆయన ఒకటి కొని తెచ్చారు. రాజాం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. జిల్లా మారింది గానీ, ఆ కంప్యూటర్ని చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ రోజును ఇంకా మరిచిపోలేదు. ఝాన్సీ వాళ్లమ్మ దానికి కుచ్చులు పెట్టి గుడ్డ కవరు కుట్టింది. చెప్పులు బయట విప్పి గానీ ఆ గదిలోకి వెళ్లకూడదు.

దాంతోపాటు ఒక డబ్బా నిండా ఫ్లాపీలు వచ్చాయి. అన్నీ ఆఫీసు ఉత్తరాలే, ఒక్కటి తప్ప. దాని మీద పెన్సిలుతో ‘ఐలాండ్’ అని రాసి ఉంది.

ఝాన్సీకి అప్పుడు పదిహేడేళ్లు. టైపు హయ్యర్ పరీక్షకి కడదామని వచ్చే తాయారు ఆమెకి ప్రాణ స్నేహితురాలు. ఒక మధ్యాహ్నం మిషన్ల గది ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ ఆ ఫ్లాపీ పెట్టారు. డ్రైవు గరగరలాడింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. బొమ్మలేమీ లేవు, అన్నీ మాటలే. ‘నువ్వు ఒక దీవి ఒడ్డున పడి ఉన్నావు. తూర్పున అడవి. ఉత్తరాన పాడుబడ్డ ఇల్లు. దూరంగా సముద్రంలో దీపస్తంభం’ అని ఇంగ్లీషులో ఉంది. దాని కింద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

ఝాన్సీ భయంభయంగా ‘గో ఈస్ట్’ అని కొట్టింది. వెంటనే అడవి వచ్చింది.

“ఓలమ్మ! మనం సెప్పినట్టు ఇంటన్నాదే!” అంది తాయారు.

అంతే. ఆ రోజు నుంచి వాళ్ల మధ్యాహ్నాలన్నీ ఆ దీవిలోనే. ఏం చెయ్యాలో టైపు చేస్తే అది చేసేది, తెలియని మాట కొడితే ‘ఆ మాట నాకు తెలియదు’ అనేది. టైపు కాగితాల వెనకవైపున దారులు గీసి, జిగురుతో అతికించుకుంటూ పోతే ఆ పటం చాపంత అయింది. పక్కనే జగన్నాధంగారి నిఘంటువు. ఓర్ అంటే తెడ్డు, యాంకర్ అంటే లంగరు, హ్యాచ్ అంటే నేల తలుపు. “నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ దీవే మాస్టారూ” అని ఝాన్సీ నాతో చాలాసార్లు అంది.

జగన్నాధంగారు మొదట ఆడపిల్లలు ప్రాక్టీసు చేసుకుంటున్నారనుకుని మురిసిపోయారు. ఒకరోజు వెనక నిలబడి తెర చదివారు. తిడతారేమోనని ఇద్దరూ బిగుసుకుపోయారు. ఆయన తిట్టలేదు. “జరగండి” అని కుర్చీలో కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ‘దయచేసి ఈ తలుపు తెరువవలసినదిగా ప్రార్థన’ అని అర్థం వచ్చేలా చక్కటి ఆఫీసు ఇంగ్లీషులో ఒక వాక్యం కొట్టారు. ఒక్క తప్పు లేదు.

‘ఆ మాట నాకు తెలియదు’ అంది మిషను.

“మర్యాద తెలీని మిషను” అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ దాని జోలికి రాలేదు, వాళ్లని ఆడొద్దనీ అనలేదు.

ఆ ఆటలో వాళ్లు ఆగిపోయింది పడవ దగ్గర. పాడుబడ్డ ఇంటి వెనక ఒక చెక్క పడవ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉండి చెక్కల మధ్య బీటలు వచ్చాయి. దాన్ని సముద్రంలోకి తోసి ఎక్కితే, ‘నీళ్లు లోపలికి వచ్చాయి. పడవ మునిగింది. నువ్వు చనిపోయావు’. బీటల్లో గుడ్డలు కుక్కారు, చనిపోయారు. మట్టి మెత్తారు, చనిపోయారు. అడవిలో తేనెపట్టు నుంచి మైనం తెచ్చి పూశారు. కొంతదూరం పోయి మరీ చనిపోయారు.

“ఒసే ఝాన్సీ, నిన్న నేనెళ్లాక ఎన్నిసార్లు సచ్చావే?” అని తాయారు వీధిలోంచే కేకేస్తే, “నాలుగుసార్లే!” అని ఝాన్సీ లోపల్నుంచి జవాబు చెప్పేది. కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఉలిక్కిపడేవారు.

ఒక వానాకాలం ఆ ఫ్లాపీకి బూజు పట్టి పాడైపోయింది. మరుసటి ఏడు తాయారుకి బొబ్బిలి సంబంధం కుదిరింది. అక్కడే అంగన్‌వాడీ టీచరైంది. ఝాన్సీని మేనత్త లక్ష్మణమ్మ కొడుకు మోహనకృష్ణకిచ్చి చేశారు. అతనిది విత్తనాల కొట్టు, ఊరి బయట కొంచెం వరి. టైపు మిషన్లకి కాలం చెల్లింది, జగన్నాధంగారు పోయారు. నాన్న నేర్పిన వేళ్లతో ఝాన్సీ ఈ కొట్టు పెట్టుకుంది. తాయారూ ఆమే పెళ్లిళ్లలో కలిస్తే, పిల్లలెలా ఉన్నారని అడగడానికి ముందే పడవ ఊసు వచ్చేది.

“మైనం వేడిచేసి పోసుంటే?”

“అదీ సూసీసాం కదే!”

నిరుడు జూలైలో ఒకరోజు జోరున వాన. దరఖాస్తుల సర్వరు పనిచెయ్యక జనమంతా వెళ్లిపోయారు. ఏమీ తోచక ఝాన్సీ ఇంటర్నెట్‌లో పాత ఆటల అభిమానుల గుంపు ఒకటి వెతికి పట్టుకుంది. దీవి, దీపస్తంభం, కారే పడవ, ఆకుపచ్చ అక్షరాలు అని నాలుగు ముక్కలు అందులో రాసింది. టీ తాగి వచ్చేసరికి జవాబు ఉంది. ఫిన్లాండు నుంచి ఎవరో పెద్దాయన. ఆట అసలు పేరు, అది ఇప్పుడు కంప్యూటర్లో నేరుగా ఆడుకునే చోటు, రెండూ పంపి, ‘మీరు దీన్ని ఇండియాలో ఆడారా!’ అని ఆశ్చర్యపోయాడు.

ఆ లింకు నొక్కింది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ‘నువ్వు ఒక దీవి ఒడ్డున పడి ఉన్నావు.’

“ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు మాస్టారూ” అంది నాతో. “తూర్పు, తూర్పు, ఉత్తరం, లాంతరు తీసుకో... వేళ్లు వాటంతట అవే పోతున్నాయి. ఇరవై ఆరేళ్లయింది కదా, వాటికెలా గుర్తుంది?”

అక్కడే ఆపి తాయారుకి ఫోను చేసింది.

“తాయారూ, మనం మళ్లీ ఒడ్డున పడ్డామే.”

అవతల్నుంచి కేక. “అక్కడే ఉండు! ఆదివారం వస్తన్నాను. నేనొచ్చేవరకు పడవ ముట్టుకోకు!”

ఆదివారం పదిగంటల బస్సుకి తాయారు ఒక డబ్బా జంతికలతో దిగింది. ఇంటి వరండాలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఇద్దరికీ కళ్లజోళ్లు వచ్చాయి. దారుల విషయంలో తాయారుకి జ్ఞాపకం ఎక్కువ, మాటల విషయంలో ఝాన్సీకి. బావిలో తాళంచెవి ఉందని ఒకరు, గూట్లో ఉందని ఒకరు వాదించుకున్నారు. చూస్తే పొయ్యిలో ఉంది. పగలబడి నవ్వుకున్నారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పడవ దగ్గరికి చేరారు. చేరినవాళ్లు చేరినట్టే మూడుసార్లు చనిపోయారు.

మోహనకృష్ణ భోజనం చేసి వచ్చి చూశాడు. “నెట్లో కొడితే జవాబు వచ్చెస్తాది కదా. రెండు నిమిషాల పని.”

ఇద్దరూ తలలు తిప్పి అతని వంక చూశారు.

“ఇరవై ఆరేళ్లు ఆగినోళ్లం బావా” అంది ఝాన్సీ. “దొంగ జవాబుకి ఆగామా?”

“నాకెందుకొచ్చిన గొడవ” అని అతను లోపలికి పోయి పడుకున్నాడు.

వరండా చివర లక్ష్మణమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బడి మొహం ఎరగదు. పొద్దున్నుంచీ వింటూనే ఉంది. తాయారు “మళ్లీ సచ్చామే” అనేసరికి చేట కింద పెట్టేసింది.

“ఎవులే అలగ పదిసార్లు సచ్చిపోతన్నారు? నాకూ సెప్పండి మరి.”

ఝాన్సీ నవ్వుతూ అంతా చెప్పింది. లక్ష్మణమ్మ నవ్వలేదు. ఊరి పంచాయితీ విన్నట్టు విన్నది.

“ఆ పడవ దేంతో సేసేరు?”

“కర్రతోనే అత్తా.”

“ఎన్నాల్లై ఎండలో ఉన్నాది?”

“ఏళ్ల నుంచి.”

“మరి ఎండిపోయిన కర్రకి మట్టెందుకు, మైనమెందుకే? మీ తాతకి రెండెడ్ల బండుండీది. ఏసంకాలం సక్రాలు ఎండిపోయి ఇనప పట్టా వదులైపోతే ఏటి సేసీవోడు? సక్రాలిప్పి సెరువులో పడీసీవోడు. రెండ్రోజులు నీల్లు తాగితే కర్ర ఉబ్బి బిగిసిపోతాది. పడవైనా కర్రే కదేటి? ముంచీండి.”

“ముంచితే సచ్చిపోతాం పిన్నీ!” అంది తాయారు.

“మీరెక్కి ముంచితే సస్తారు. ఎక్కకండా ముంచండి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఝాన్సీ వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. జీవితంలో మొదటిసారి ఆమె కీబోర్డు వంక చూసి కొట్టిందట.

‘పడవ ముంచు’. ఆ మాట నాకు తెలియదు.

“ఇంకోలాగ సెప్పవే” అని తాయారు మోచేత్తో పొడిచింది.

పాడుబడ్డ ఇంటి వంటగదిలో ఒక బకెట్టు ఉంది. దాన్ని తెచ్చారు. పడవని ఒడ్డు పక్కన లోతులేని నీళ్లలోకి తోసి, ‘బకెట్టుతో పడవలో నీళ్లు పొయ్యి’ అన్నారు. ‘పడవ మెల్లగా అడుగున కూర్చుంది’ అంది ఆట. ఎవరూ చనిపోలేదు. ‘ఆగు’ అని కొట్టారు. ‘కాలం గడిచింది. ఏమీ జరగలేదు.’

“ఏమీ లేదంటన్నాది అత్తా.”

“ఒక్క పూటకే ఉబ్బుతాదేటి? నాననీ. తొందరైతే పనులవుతాయా?”

ఆగు. ఆగు. ఆగు. దీవిలో పొద్దు గుంకింది. పొద్దు పొడిచింది. ఆగు. మళ్లీ గుంకింది. ఝాన్సీ వేళ్లు లెక్క మరిచిపోయాయి. అప్పుడు వచ్చింది ఆ వాక్యం: ‘పడవ చెక్కలు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి.’

తాయారు కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి అరిచింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. మోహనకృష్ణ నిద్రలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఝాన్సీ అత్తని గట్టిగా పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. “ఒదులే గుంటా, బియ్యం ఒలికిపోతాయి!” అని లక్ష్మణమ్మ కసిరింది గానీ, మొహం వెలిగిపోతోంది.

నీళ్లు తోడేసి, తెడ్డు వేసి, ఆ సాయంత్రమే దీపస్తంభం మెట్ల దాకా వెళ్లారు.

“పాతికేళ్లూ జవాబు మా మేనత్త దగ్గరే ఉందన్నమాట” అంది ఝాన్సీ ఆ మాట చెప్తూ. “ఒక్కరోజైనా ఆవిణ్ణి అడిగామా?”

ఫిన్లాండు పెద్దాయనకి ఈ సంగతంతా రాస్తే, ఆయన మర్నాడు ఒక ఫొటో పంపాడు. వాళ్ల ఊరి చెరువులో ఒడ్డు పక్కన మునిగి ఉన్న చెక్క పడవ. ప్రతి ఏడూ చలికాలం పోగానే వాళ్ల తాత పడవని ఇలాగే నానబెట్టేవాడని రాశాడు. లక్ష్మణమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“సూసేవా, ఆలకీ తెలుసు” అంది. తర్వాత, “సెరువు మాత్రం బాగున్నాది” అంది.

ఇంకో రెండు ఆదివారాలకి ఆట పూర్తయింది. దీపస్తంభం వెలిగింది, ఓడ వచ్చింది, ఒడ్డున పడ్డ మనిషి ఇల్లు చేరాడు. చివర్న ‘రెండు వందల యాభైకి రెండు వందల నలభై మూడు’ అని చూపించింది. తాయారు కళ్లు తుడుచుకుంటుంటే, లక్ష్మణమ్మ ఆ అంకెల అర్థం అడిగి తెలుసుకుని, “మిగతా ఏడూ ఎక్కడ ఒదిలీసేరు?” అని నిలదీసింది. ఆ ఏడింటి కోసం మళ్లీ మొదటి నుంచి ఆడారు. తేనెపట్టు జోలికి పోకుండా ఉంటే అవి కూడా వచ్చాయి.

ఈమధ్య ఒక పని మీద రాజాం వెళ్లి, ఆదివారం కదా అని ఝాన్సీ ఇంటికే వెళ్లాను. ఇప్పుడు వేరే ఆట నడుస్తోంది, ఏదో కోట. బల్ల ముందు మధ్య కుర్చీ లక్ష్మణమ్మది. ఝాన్సీ ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదువుతోంది, తాయారు పటం గీస్తోంది. కోట వాకిట్లో కాపలావాడు ఎవర్నీ లోపలికి వెళ్లనివ్వట్లేదట. కత్తి దొరికింది, దాంతో పొడిచెయ్యొచ్చేమోనని తాయారు అంటోంది.

“పొడవడమేటే? పొద్దున్నుంచీ నిలబడున్నాడు” అంది లక్ష్మణమ్మ. “ఆడు తిన్నాడో లేదో ముందడుగు.”

ఝాన్సీ సంచిలోంచి రొట్టె తీసి అతనికి ఇచ్చింది. కాపలావాడు నమిలాడు, పక్కకి జరిగాడు. లక్ష్మణమ్మ నా వంక చూసి, “కూకోండి బాబూ, లోనకెల్తన్నాం” అని పక్కన కుర్చీ చూపించింది.